ఆకలెరగని చేప

అనగనగా, నదులు మనుషుల మాట వినే కాలంలో, ధర్మకేతు అనే రాజుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు: జయకేతు, రణకేతు, మణికేతు. ఒకనాడు కరాళుడనే మాంత్రికుడు వచ్చి, రాజుగారి కళ్ళలోని చూపును ఉఫ్ మని ఊది, ఆ వెలుగును బుడ్డిలో పట్టుకుని ఏడు సముద్రాల అవతలికి పోయాడు.

పెద్దవాడు బయలుదేరాడు. మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంటుందని చిలకలన్నిటినీ పట్టి చూసి, మాంత్రికుడి మంత్రానికి చిక్కాడు. రాయైపోయాడు. రెండోవాడు బయలుదేరాడు. ప్రాణం మొసలిలో ఉంటుందని మొసళ్ళతో పోరాడాడు. వాడూ రాయైపోయాడు. ఇక మిగిలింది చిన్నవాడు మణికేతు.

అతను సముద్రం ఒడ్డున వలలో చిక్కిన గూడబాతును విడిపించాడు. "నా వీపెక్కు నాయనా" అంది గూడబాతు. ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, ఏడూ దాటింది. ఒక నది ఒడ్డున దింపింది.

అబ్బ, అదేం నది! ఇటు నిలబడితే అటు ఒడ్డు కనపడదు. నీళ్ళు కాచిన కషాయంలా నల్లగా ఉన్నాయి. చెట్ల కొమ్మలు ఆకాశాన్ని కప్పేశాయి. పక్కనే రెండు రాళ్ళు. రెంటికీ అన్నల ముఖాలే! వాటిని కౌగిలించుకుని భోరుమన్నాడు.

"ఎవరయ్యా నువ్వు?" అంటూ ఒక పిల్ల దోనె దిగింది. ఆమె ఆ నది దొర కూతురు లువేనా.

"వీళ్ళు నా అన్నలు" అన్నాడు మణికేతు.

"మమ్మల్ని ఒక్కమాట అడిగినా బతికిపోయేవాళ్ళు. అడగలేదు."

"నేను అడుగుతున్నాను. చెప్పవూ?"

లువేనా అతని చేయి పట్టుకుని నీళ్ళలో ముంచింది. వేళ్ళ చుట్టూ వేల వేల చేపలు! ఒక్కోటీ బియ్యపుగింజంత. గాజులాంటి ఒళ్ళు, పక్కన నీలిదారంలాంటి మెరుపు, లోపల ఆవగింజంత గుండె టిక్కు టిక్కుమని కొట్టుకుంటోంది. ఇంత చిన్న ఒంట్లో ఇంత పనితనమా అని మణికేతు ఒళ్ళు జలదరించింది.

"వీటిలో ఒకదాంట్లో కరాళుడి ప్రాణం ఉంది. ఏదో మాకూ తెలీదు" అంది లువేనా.

మొదటిరోజు పెద్దదాని కోసం వెతికాడు. అన్నీ ఒక్కటే కొలత. రెండోరోజు రంగు తేడా కోసం వెతికాడు. అన్నీ ఒక్కటే రంగు. మూడోరోజు లువేనా చీమల గుడ్లు తెచ్చి నీళ్ళమీద చల్లింది. చేపలన్నీ ఎగబడ్డాయి. ఒక్కటి మాత్రం కదల్లేదు.

"దానికి ఆకలి లేదు! అందులో ఉన్న ప్రాణం దానిది కాదు!" అని మణికేతు దాన్ని నీళ్ళతో సహా దోసిట్లోకి తీసుకున్నాడు.

అడవి గడగడలాడింది. మాంత్రికుడు గొంతు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "వదులు! ఏం కావాలన్నా ఇస్తాను!"

"నలిపెయ్, లేదా నా నోట్లో వెయ్" అంది గూడబాతు.

దోసిట్లోంచి సన్నటి గొంతు వినపడింది. "రాకుమారా, నేనేం తప్పు చేశాను?"

మణికేతు ఆ చిన్న గుండె వంక చూశాడు. చంపబుద్ధి కాలేదు. మాంత్రికుడి వైపు తిరిగి, "కరాళా, నా గూడబాతు ఆకలి మీదుంది. నీ ప్రాణం నువ్వే వెనక్కి తీసుకుంటావా, లేక దాని నోట్లో వెయ్యమంటావా?" అన్నాడు.

మాంత్రికుడు హడలిపోయి ప్రాణాన్ని తన గుండెలోకి లాక్కున్నాడు. అంతే! ఇన్నాళ్ళూ దూరంగా ఉన్న మూడు వందల ఏళ్ళ ముసలితనం ఒక్కసారిగా మీదపడింది. గుప్పెడు బూడిదై రాలిపోయాడు. రాళ్ళు కదిలి, అన్నలు ఆవులించి లేచారు. మణికేతు చేపను నీళ్ళలో వదిలితే, అది ఒక చీమగుడ్డును గుటుక్కున మింగింది.

లువేనాను కూడా వెంటబెట్టుకుని, బూడిదలో దొరికిన బుడ్డి తెచ్చి తండ్రి ముందు తెరిచారు. కళ్ళు రాగానే రాజు, "ఈ పిల్లెవరురా?" అన్నాడు.

"మీరు సరేనంటే మీ కోడలు, నాన్నగారూ" అన్నాడు మణికేతు.

ఏడు రోజులు పెళ్ళి జరిగింది. మణికేతు, లువేనా ఆరు నెలలు ఇక్కడా, ఆరు నెలలు ఆ నది ఒడ్డునా ఉంటూ, తల ముగ్గుబుట్టయ్యేదాకా రాజ్యమేలారు. వాళ్ళక్కడ చల్లగా ఉన్నారు, మనమిక్కడ చల్లగా ఉన్నాం.