పగడాల దిబ్బ మీద ఎర్ర మన్ను

పడుకోండర్రా. కాళ్ళు లాగేస్తున్నాయి నాకు. ఒక్క కథే చెప్తాను, ఇంకోటి అడక్కూడదు.

అనగనగా, ఏరు వెళ్ళి సముద్రంలో కలిసే చోట ఒక పల్లె. ఆ పల్లెలో దానయ్య అని ఓ ముసలాయన, ఆయన కోడలు పైడమ్మ. కొడుకుని సముద్రం తీసుకుపోయింది, ఇద్దరే మిగిలారు.

ఒడ్డుకి కాస్త దూరంలో, నీళ్ళ అడుగున పగడాల దిబ్బ ఉండేది. చూడ్డానికి రాయిలా ఉంటుంది గానీ రాయి కాదర్రా, ప్రాణమున్నదే. చేపలు అక్కడే గుడ్లు పెట్టేవి, పిల్లలు అక్కడే పెరిగేవి. వాటి మీదే పల్లె బతికేది. ఊ కొడుతున్నారా? కొట్టండి, లేకపోతే నేనే నిద్రపోతాను.

ఆ ఏడు ఏటికి పది రోజులు వరదొచ్చింది. నీళ్ళు కావవి, ఎర్ర బురద. సముద్రం కనుచూపుమేర ఎర్రబడిపోయింది. వరదైతే తీసింది గానీ చేప రాలేదు. వలేస్తే నాచు, మళ్ళీ వేస్తే మళ్ళీ నాచు. అమ్మవారికి కోపమొచ్చిందని మేకని కోశారు. అయినా నాచే.

పైడమ్మ ఊపిరి బిగబట్టి అడుగుకి దిగి చూసింది. దిబ్బంతా మన్ను, మన్ను మీద నాచు. చేత్తో తుడిస్తే కింద పగడం ఎముకలా తెల్లగా ఉంది. పైకొచ్చి ఇసకలో కూలబడి ఏడ్చింది పాపం. మనది ఇసక నేల కదా, ఈ ఎర్ర మన్ను ఎక్కడిదీ అనుకుంది. ఏటి వెంట నడక మొదలెట్టింది. నడిచింది, నడిచింది, ఏడు రోజులు నడిచింది. వాగులు కలిసిన చోటల్లా ఏది ఎర్రగా ఉంటే దాని వెంట పోయింది. చివరికి రాజుగారి కొండలొచ్చాయి. ఓ మూల తునక తప్ప అడవంతా కొట్టించి చెరుకు వేయించాడాయన. కొండలు గొరిగిన గుండుల్లా ఉన్నాయి. పైగా చెరుక్కి గుట్టలు గుట్టలు ఎరువు.

ఆ కొండల దగ్గరే రాజుని కలిస్తే, వాన కురిస్తే నేనేం చేస్తానమ్మా, నా కొండ ఎక్కడ, నీ సముద్రం ఎక్కడ అన్నాడట. వాదించే ఓపిక పైడమ్మకెక్కడిది? రెండు కుండల నీళ్ళు తెప్పించమంది. ఒకటి గుండు కొండ మీద ఒంపితే ఎర్రగా కిందికి పారింది. రెండోది మిగిలిన అడవి తునకలో ఒంపితే నేలే తాగేసింది.

“చెట్టు పోతే మన్ను కదిలింది రాజుగారూ. మన్ను కదిలితే ఏరు ఎర్రబడింది. ఏరు మీ మన్నూ ఎరువూ మోసుకొస్తే నాచు పెరిగింది. నాచు కమ్మితే పగడం చచ్చింది. పగడం చస్తే చేప పోయింది. చేప పోతే మా పొయ్యి ఆరింది. మీ కొండ ఎక్కడంటారేంటి? మీ కొండ మా నీళ్ళ కింద ఉంది.”

రాజు వంగి ఆ ఎర్ర నీళ్ళు వేళ్ళతో తాకి చూశాడు. తరవాత, వాగుల గట్లు దున్నొద్దని, కొండ వాలున చెట్లు నాటాలని చాటింపు వేయించాడు.

అంతటితో బాగుపడిపోయిందా? లేదర్రా. చెట్టు పెరగొద్దూ? మరుసటేడూ ఎర్ర వరదే. పల్లెవాళ్ళు దూరం పోయి వేటాడి, సగం కడుపుతో నెట్టుకొచ్చారు. పైడమ్మ ఏటా దిగి చూసొచ్చేది. దానయ్య ఏటా అడిగేవాడు. లేదు మావయ్యా అనేది. ఎనిమిదో ఏటికి ఆయనకి చూపు పోయింది. ఆ ఏడు ఆమె తడిబట్టలతోనే పరిగెత్తుకొచ్చింది.

“మావయ్యా, బొటనవేలంత మొలిచింది. ఎర్రగా ఉంది. చుట్టూ చేపపిల్లలు!”

“ఇంకోసారి చెప్పమ్మా” అన్నాడు ముసలాయన.

చెప్పింది. మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పింది. పొద్దుగూకేదాకా ఆయన అడుగుతూనే ఉన్నాడు, ఆమె చెబుతూనే ఉంది.

పాడవడానికి పది రోజులు, మొలవడానికి ఎనిమిదేళ్ళు. అంతేనర్రా. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి పోదాం.