చెవిరాతి ఆంజనేయుడు, తిప్పన్న తప్పుదెబ్బ

నెమలిదుర్గం కోట రెండో వాకిలి దాటిన యాత్రికుడికి ఒక విశాలమైన బయలు ఎదురవుతుంది. ఒకప్పుడు అక్కడ సేనలు కవాతు చేసేవి. మూడు పక్కలా రాతి మెట్లు, నాలుగో పక్క నిట్టనిలువు కొండచరియ. ఆ చరియను ఆనుకుని, పైకప్పూ తలుపులూ లేని చోట, చెవిరాతి ఆంజనేయస్వామి వెలసి ఉన్నాడు. ఈ స్వామి చేతిలో గద లేదు. కుడిచెయ్యి చెవి వెనుకకు చేర్చి, దూరాన ఎవరో పిలిస్తే ఆలకించేవాడిలా ఉంటాడు.

ఏటా వైశాఖ బహుళ దశమి నాడు, ఎండ వాలగానే, ఈ బయలులో మహామేళం జరుగుతుంది. నాదస్వరాలు, డోళ్ళు, డప్పులు, కొమ్ములు, ఈమధ్య పట్నం నుంచి వస్తున్న వయొలిన్లు, క్లారినెట్లు అన్నీ కలిపి నూటికి పైబడిన వాద్యాలు ఒక్కసారిగా మోగుతాయి. టిక్కెట్టు లేదు, కుర్చీ లేదు. ఎంతటివారైనా మెట్టు మీద తువ్వాలు పరుచుకుని కూర్చోవలసిందే. ఒకసారి ఒక పెద్దమనిషి తనకోసం ముందు వరుసలో సోఫా వేయించుకున్నాడు. జనం దాన్ని మర్యాదగా ఎత్తి వాకిలి బయట పెట్టి వచ్చారు, ఆయన ఇష్టపడితే అక్కడే కూర్చోవచ్చునన్నారు. మేళం ఆరుబయటే ఎందుకు, ఎవరినీ ఆపకూడదని ఎందుకు అని అడిగేవారికి పెద్దలు చెప్పే వృత్తాంతం ఇది.

పూర్వం ఇక్కడ కొండమనాయుడనే పాళెగాడు ఏలుబడి చేసేవాడు. ధైర్యవంతుడే, కానీ తన నీడను తానే నమ్మని మనిషి. ముట్టడి వస్తే ధాన్యమూ ఆయుధాలూ దాచుకోవడానికి ఈ కొండ కడుపులో రహస్యంగా ఒక రాతి పాతర తొలిపించాడు. పన్నెండుగురు రాతిపనివాళ్ళు రెండేళ్ళు శ్రమపడ్డారు. వాళ్ళకు పెద్ద కదిరన్న. పని ముగిసిన నాడు వాళ్ళు లోపల చివరి నునుపు పెడుతుండగా, నాయుడి సేనను నడిపే దళవాయి చరియ మొదట్లో ఉన్న పాతర మూతికి బండ దొర్లించి సున్నంతో మూయించాడు. రహస్యం తెలిసిన నోళ్ళు పన్నెండూ రహస్యంతోపాటే లోపల ఉండిపోయాయి. రాతిపనివాళ్ళు పని ముగించుకుని వేరే సీమకు వెళ్ళిపోయారని ఊళ్ళో చాటించారు.

ఆ చాటింపును కదిరన్న భార్య సుంకులమ్మ నమ్మలేదు. చెప్పకుండా గడప దాటని మొగుడు సీమ ఎలా దాటుతాడు? ఆమె కొండ వెనుక కోనలోకి కట్టెలకు వెళ్ళినట్టు వెళ్ళి, గాలికోసం వదిలిన చిన్న బెజ్జం దగ్గర నోరు పెట్టి పిలిచింది. లోపలి నుంచి మొగుడి గొంతు పలికింది. అందరూ బతికే ఉన్నారు. రెండు సమ్మెటలు, నాలుగు ఉలులు ఉన్నాయి. కోనవైపు గోడ పలచన, ఒక పూట కొడితే మనిషి దూరేంత కంత పడుతుంది. కానీ ఒక్క దెబ్బ కొట్టగానే పైన బురుజు మీది కావలివాడు తొంగి చూశాడు. ఇంకో దెబ్బ వినిపిస్తే బెజ్జంలోంచి మిరపకాయల పొగ పెడతారు, పన్నెండుగురూ పొగలోనే పోతారు. లోపల ఉన్న నీళ్ళు మర్నాటి సాయంత్రం వరకే వస్తాయి.

ఆమె తిన్నగా తిప్పన్న ఇంటికి వెళ్ళి జరిగినదంతా చెప్పింది. తిప్పన్న కోట మేళంలో డోలు వాయించేవాడు. ఏడు తరాలుగా ఆ ఇంట డోలు పలుకుతున్నది. నలభై ఏళ్ళ వయసు వచ్చినా అతని పుల్ల ఒక్కసారి తాళం తప్పి ఎరగదు. ఆ గర్వం అతనికి కొంచెం ఎక్కువే ఉండేదని కూడా చెప్పాలి.

"అన్నా, రేపు కోటలో పూజకు మీ మేళం ఉంది గదా," అన్నది సుంకులమ్మ. "లోపలి హజారంలో, ఆ గోడల నడుమ వాయిస్తే నా మొగుడు సస్తాడు. బయట బయల్లో వాయించు. నీ డోలు మొదటి దెబ్బ మీదే వాళ్ళు సమ్మెట ఏస్తారు, ఆ మాట చెప్పే వచ్చినా. పొద్దు గుంకేలోగా బయటపడతారు."

"ఒక్క డోలుకు సమ్మెట దాగుతుందా అమ్మీ?"

"దాగదు. అందుకే ఉన్నోళ్ళందర్నీ పిలిపించు. డప్పులోళ్ళను, కొమ్ములోళ్ళను, అందర్నీ."

ఆనాడు ఏ మేళం వారిది ఆ మేళమే. నాదస్వరం మోగే చోట డప్పు మోగేది కాదు, డప్పు మోగే చోటికి నాదస్వరం వెళ్ళేది కాదు. అన్నిటినీ ఒక చోట చేర్చడం దొర చెబితే తప్ప జరగని పని. తిప్పన్నకు ముందు నుయ్యి, వెనుక గొయ్యి అయింది. ఏం చేయాలో తోచక కూర్చున్నచోటే తెల్లవారుజామున కునుకు పట్టింది. కలలో చరియ మీద ఒక ముసలి కోతి చెవి వెనుక చెయ్యి పెట్టుకుని కనిపించింది. "లోపల వాయిస్తే నాకు వినపడదు. బయట వాయించండి. ఎవరినీ ఆపకండి," అని పలికింది.

కల నిజంగా వచ్చిందా, అవసరం కొద్దీ తిప్పన్న కల్పించాడా అని అడిగే తెలివైనవారు ప్రతి ఏడూ ఒకరిద్దరు ఉంటారు. వారు స్వామి కుడిచేతిని ఒకసారి చూసి రావచ్చు.

తిప్పన్న కల విన్నవించగానే నాయుడి ముఖం నల్లబడింది. దొరకు మనుషులంటే భయం లేదు గానీ కోటను కాచే ఆంజనేయుడంటే భయం. పక్కన నిలబడ్డ దళవాయి మాత్రం తిప్పన్న కళ్ళలోకే చూస్తున్నాడు.

"ఇన్నేండ్లు లేని కల ఇయ్యాలే వచ్చిందేమిరా?" అన్నాడు దళవాయి.

"పాతర పూజ ఇయ్యాలే గదా సామీ," అన్నాడు తిప్పన్న. నోరు జారిందని అప్పుడు తెలిసింది. మేళగాళ్ళకు అది కోట పూజ అనే చెప్పారు, పాతర సంగతి వాళ్ళకు తెలియకూడదు. అతని పైప్రాణాలు పైనే పోయాయి. కానీ దొర తన ఆలోచనలో ఉండి ఆ మాట పట్టించుకోలేదు. "బయటే కానీయండి. ఊరంతా రానీ," అని లేచాడు. దళవాయి పట్టించుకున్నాడు. ఆ సాయంత్రం అతను దొర పక్కన కూర్చోక, చరియ దగ్గరకు వెళ్ళి రాతికి అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

ఎండ వాలింది. బయలు కిక్కిరిసింది. పాళెగాడి మేళం తొలిసారి ఉచితంగా వినబోతున్నామన్న సంబరం జనానిది. ఎన్నడూ ఒక చోట కూర్చోని వాద్యాలు భుజం భుజం తగిలేట్టు కూర్చున్నాయి. మేళానికి పెద్ద నాదస్వరం నారసప్ప, తిప్పన్నకు గురువు, పిల్లనిచ్చిన మామ కూడా. ఆయన ఊదాడు. తిప్పన్న ఎనిమిది లెక్కల తాళం ఎత్తుకున్నాడు. మొదటి దెబ్బకు డోళ్ళు, డప్పులు, కొమ్ములు కలిసి పడ్డాయి. ఆ హోరు అడుగున, వెతుక్కునే చెవికి మాత్రమే వినపడేట్టు, రాయి మీద ఇనుము పలికింది. తిప్పన్న కళ్ళు మూసుకున్నాడు. దెబ్బ వెనుక దెబ్బ, ఒక్కటీ బయటపడలేదు. రెండు ఘడియలు అలా సాగింది.

అప్పుడు జరిగింది. ఐదో లెక్కకూ ఆరో లెక్కకూ నడుమ, డోలు పలకని చోట, వాద్యాలన్నీ ఊపిరి తీసుకునే సందులో, ఖంగుమని ఒక మోత వినిపించింది. బయలులో అందరికీ వినిపించింది. లోపల సమ్మెట ఏదో పగలని రాతికి తగిలి, ఎగిరి, తాళం తప్పి పడింది. దళవాయి రాతి మీది చెయ్యి తీసి చెవి ఆనించాడు. పక్కనున్న భటుణ్ణి సైగ చేసి పిలిచాడు.

తిప్పన్నకు ఆలోచించే వ్యవధి ఎనిమిది లెక్కలు మాత్రమే. తాళం తిరిగి మొదలైన తరువాతి ఆవర్తనంలో సరిగ్గా అదే సందులో, తాళానికి సంబంధం లేని చోట, బలమంతా పెట్టి పుల్లతో కొట్టాడు.

బయలు ఉలిక్కిపడింది. తోటి డోలువాళ్ళు తలలు తిప్పారు. మెట్ల మీద ఎవరో నవ్వారు. "ఆ ముందర మోత కూడా తిప్పన్నదేరా, తాళం తప్పినాడు!" అన్న మాట మెట్టు నుంచి మెట్టుకు పాకింది. అతనికి కావలసింది అదే. అదే అతని గుండెను కోసింది కూడా. ఆ మేళంలో ఒక కట్టడి ఉంది. సభలో తాళం తప్పినవాడు పుల్ల విరిచి పెద్ద పాదాల దగ్గర పెట్టి వెళ్ళిపోవాలి. ఇక జన్మలో డోలు తాకకూడదు.

పొరపాటు ఒకసారైతే క్షమించేవారేమో. కానీ లోపలివాళ్ళు చీకట్లో ఆ దెబ్బ విని, ఇకమీదట సమ్మెట అక్కడే వేయమని గుర్తు అనుకున్నారు. ప్రతి ఆవర్తనంలోనూ ఆ సందులోనే సమ్మెట పడసాగింది. తిప్పన్న మానేస్తే అది ఒంటరిగా వినపడుతుంది. మానకపోతే ప్రతి దెబ్బా అతని పేరు మీద మట్టి వేస్తుంది. అతను మానలేదు.

నారసప్ప నాదస్వరం నోటి నుంచి తీశాడు. ఆయన ముఖం కందగడ్డలా అయింది. పెద్ద ఆగితే మేళం ఆగుతుంది, మేళం ఆగితే సమ్మెట మిగులుతుంది.

"ఒరే తిప్పా, ఏందిరా ఇది? ఏడు తరాల పరువు తీస్తాండావు."

తిప్పన్న డోలు ఆపకుండానే, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా అన్నాడు. "మామా, నా పుల్ల నేనే విరిచి మీ కాళ్ళకాడ పెడతా. పొద్దు గుంకేదాకా ఊదండి. అంతవరకు ఏమీ అడగొద్దు."

నారసప్ప అల్లుడి ముఖం చూశాడు. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. అయినా నాదస్వరం మళ్ళీ నోట పెట్టి, మునుపటికంటే గట్టిగా ఊదాడు. వెనుక వరుసలోని ముసలి డప్పు ఒకటి, ఎందుకని అడగకుండా, ఆ తప్పుదెబ్బ మీద తానూ పడింది. తరువాతి ఆవర్తనానికి డప్పులన్నీ పడ్డాయి. ఆ తరువాత కొమ్ములు పలికాయి. దొర కడుపుబ్బ నవ్వి, తప్పుల మేళం అని చప్పట్లు కొట్టాడు. దొర కొట్టాక జనం కొట్టకుండా ఉంటారా? వేల చేతులు ఆ సందులోనే కలిశాయి. చరియ మొత్తం అదిరిపోతుంటే, దళవాయి చెవికి ఏది రాయో ఏది డప్పో తెలియలేదు. చెవి తీసి దులుపుకుని వచ్చేశాడు.

పొద్దు కొండ అంచు తాకే వేళ సుంకులమ్మ మజ్జిగ కుండ నెత్తిన పెట్టుకుని బయలులోకి వచ్చింది. పన్నెండుగురూ కోన దాటితేనే వస్తానని ఆమె చెప్పిన గుర్తు అది. మేళగాళ్ళకు వరుసగా పోసి, చివరగా తిప్పన్న దోసిలి నిండా పోసింది.  తిప్పన్న తాగి, లేచి, డోలు పుల్ల మోకాలికి ఆనించి విరిచి, గురువు పాదాల దగ్గర పెట్టి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు ధాన్యం పోయడానికి పాతర తెరిస్తే లోపల కంత కనిపించింది. వాళ్ళు వెళ్ళిపోయారని చాటించినది తానే కాబట్టి, వెళ్ళిపోయారని నాయుడు ఎవరిని దండించగలడు? తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. కానీ దళవాయి మనుషులు సీమలు తిరిగి వెదుకుతూనే ఉన్నారు. తిప్పన్న నోరు విప్పితే ఆ పన్నెండుగురికీ ముప్పే. కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు. పరాయివాళ్ళ జొన్నచేలకు కావలి కాస్తూ, తప్పుదెబ్బ తిప్పన్న అని పిల్లలు వెంటపడితే తల వంచుకుని నడుస్తూ, పంతొమ్మిదేళ్ళు గడిపాడు. ఇంత నింద మోయడం అతనికి తేలికైందని ఎవరూ అనుకోకూడదు. ఎక్కడైనా మేళం మోగితే అతను చెవులు మూసుకుని ఊరవతలికి పోయేవాడట.

పాళెగాడి ఏలుబడి ముగిసింది. మరుసటి వైశాఖంలో రాతిపనివాళ్ళు తిరిగి వచ్చారు. ముగ్గురు కాలం చేశారు, వారి బదులు కొడుకులు వచ్చారు. కదిరన్న నేరుగా పాతరలోకి దిగి, ఆనాడు సమ్మెటను ఎగరగొట్టిన రాతిని బయటకు దొర్లించాడు. ఆ రాయి దారి మళ్ళించబట్టే వాళ్ళు గోడలో మరింత పలచని చోటు కనుక్కున్నారు. కడిగి చూస్తే, ఉలి తగలని ఆ రాతి మీద చెవి వెనుక చెయ్యి పెట్టుకున్న స్వామి స్పష్టంగా ఉన్నాడు. ఊరంతా చేరింది. కదిరన్న జరిగినదంతా చెప్పి, ఊరవతల ఉన్న తిప్పన్నను చేయి పట్టి తీసుకొచ్చి, అతని పాదాల ముందు తాను సాష్టాంగపడి, మిగిలిన పదకొండుగురినీ పడమన్నాడు.

అప్పటికి నారసప్పకు చూపు సన్నగిల్లింది. మనుమడి భుజం పట్టుకుని జనాన్ని తోసుకుంటూ వచ్చి, తడుముకుని అల్లుడి చేతులు పట్టుకున్నాడు.  

"ఒరే తిప్పా. ఆ తప్పు నాకు నేర్పరా."

ఎనభై ఏళ్ళు దాటిన గురువు శిష్యుడి ఎదుట కింద కూర్చున్నాడు. తిప్పన్న ఏడుస్తూ, ఆయన తొడ మీద వేళ్ళతో లెక్క వేసి, ఆ దెబ్బ పడే చోటు చూపించాడు.

నేటికీ మహామేళంలో ఆ దెబ్బ పడుతుంది. కొత్తగా వచ్చే విద్వాంసులు మొదట బిడియపడతారు. పట్నం నుంచి వచ్చిన ఒక వయొలిన్ విద్వాంసుడు ఇలాంటిది తన వల్ల కాదని వాదించి, కథ విన్నాక అందరికంటే గట్టిగా వాయించి వెళ్ళాడు. ఆ దెబ్బ వరుసగా పన్నెండు ఆవర్తనాలు వేస్తారు. ప్రతి దెబ్బకూ బయలులోని జనం పైకి లెక్క పెడతారు. పన్నెండు అనగానే వాద్యాలన్నీ ఆగి, అందరికీ మజ్జిగ పోస్తారు.

చేయని తప్పుకు నింద మోస్తున్నవారు, నిజం చెప్పుకునే వీలు లేనివారు ఆనాడు ఇక్కడికి ఎక్కువగా వస్తారు. స్వామికి కొబ్బరికాయ కొట్టనక్కరలేదు, మొక్కు పైకి చెప్పనక్కరలేదు. జనంలో నిలబడి ఆ దెబ్బ మీద పన్నెండుసార్లు చప్పట్లు కొడితే చాలు, స్వామి వింటాడని ఇక్కడివారి విశ్వాసం. పక్కవారు చప్పట్లు ఎందుకు కొడుతున్నారో ఈ బయలులో ఎవరూ ఎవరినీ అడగరు.