నెమరు పూట

అడవి అంచున ఎలుగుబంటి దొరకు చెరకు గానుగ ఉండేది. దొరకు తీపంటే ప్రాణం, ఒళ్లు వంచడమంటే బద్ధకం. అందుకే పెత్తనమంతా నక్కకు అప్పజెప్పి, తను పొదలో పడి గురకపెట్టేవాడు. గానుగ తిప్పేవి రెండెడ్లు, ముసలి పుల్లన్న, పడుచు మైలన్న. మధ్యాహ్నం మేత కాగానే కాడి దించడం, ఎడ్లు నీడన పడుకుని నెమరు వేసుకోవడం అక్కడి ఆనవాయితీ.

నక్కకు నెమరంటే ఏం తెలుసు? దొరికింది గుటుక్కున మింగే జాతి. పైగా కొత్తగా మేస్త్రీగిరీ వచ్చిందాయె, కళ్లు నెత్తికెక్కాయి.

"ఏమయ్యా, ముందర గడ్డిపరక లేదు. ఆ దవడలెందుకు ఆడుతున్నాయి?"

"నెమరు వేస్తున్నాం మేస్త్రీ గారూ," అన్నాడు పుల్లన్న.

"నమిలిందే మళ్లీ నమలడమా? మొదటిసారే శుభ్రంగా నమిలి చావొచ్చుగా. రేపట్నుంచి నెమరు పూట లేదు. తిన్నారా, కాడి కిందికొచ్చారా, అంతే."

ఎడ్లు ఎదురు తిరుగుతాయేమోనని నక్క మైలన్న మెడలో గజ్జెల పట్టెడ కట్టి, "ఈ గానుగకు నువ్వే మూలస్తంభానివిరా" అంది. పాపం, పడుచువాడు పొంగిపోయాడు. దున్నే ఎద్దునే పొడుస్తారని ఊరికే అన్నారా? ఆ రోజు నుంచి వాడికి ఊపిరి సలపలేదు.

కొన్నాళ్లకు మైలన్న మేత ముట్టడం మానేశాడు. ఆడుకుందామని వచ్చిన దూడల మీదికి కొమ్ములు విసిరాడు.

"ఒంట్లో బాగాలేదేంట్రా?" అడిగాడు పుల్లన్న.

"ఏం లేదన్నా."

"ఏం లేకపోతే ఆ కళ్లెందుకు కారుతున్నాయి?"

మైలన్న తల నేలకు ఆన్చాడు. "కళ్లు మూసుకున్నా గానుగ చుట్టూనే తిరుగుతున్నానన్నా. పలకరించినవాణ్ణల్లా పొడవాలనిపిస్తోంది. ఆగుదామంటే, మూలస్తంభం కూలిందని నవ్వుతారేమోనని భయం. ఇట్లాగే తిరిగితే నేను బతకను."

"నువ్వు బతకాలి. గానుగదేముందిరా," అన్నాడు పుల్లన్న. ఆ పట్టెడ కొమ్ముతో తెంపి అవతల పారేశాడు. వాణ్ణి నీడన పడుకోబెట్టి, దారికి అడ్డంగా నిలబడ్డాడు.

నక్క ఉరికొచ్చింది. "సాయంత్రం దొర బెల్లానికి వస్తున్నాడు. తోలు ఒలిపిస్తా ఇద్దరికీ."

"ఒలిపించండి. వీడు నెమరు వేసేదాకా ఈ కాడి ఎత్తం."

అన్నాడే గాని, మూర్ఖుడితో వాదం దండగని పుల్లన్నకు తెలుసు. గొంతు తగ్గించాడు. "అయినా మీకు టైమే కదా కావాల్సింది మేస్త్రీ గారూ? పొద్దుటి రసం పెనంలో ఉంది. ఒకసారి పిండిన రసాన్ని మళ్లీ అంతసేపు మరగబెట్టడమెందుకు? నమిలింది నమలకూడదన్నది మీ మాటే."

"ఈ ముక్క నేనే చెబుదామనుకున్నాను," అంది నక్క. రసం ఒక పొంగు రాగానే పొయ్యిలో మంట లాగేసి, అచ్చుల్లో పోయించింది.

సాయంత్రం దొర వచ్చి, నాలుక చప్పరిస్తూ అచ్చు బోర్లించాడు. బెల్లం రాలేదు. పల్చటి రసం ఒళ్లంతా కారింది. వెనకాలే చీమలూ వచ్చాయి.

"ఏంట్రా ఇది?" అన్నాడు దొర, వీపు గోక్కుంటూ.

"ఆ ఎద్దే చెప్పింది దొరా," అంది నక్క.

"నేను మేస్త్రీ గారి సూత్రమే చెప్పాను దొరా. పిండిన రసం మరిగితేనే బెల్లం. మేసిన మేత నెమరు వేస్తేనే సత్తువ. ఆయన మా నెమరు తీసేశాడు, అదిగో మైలన్న లేవలేకపోతున్నాడు. ఇవాళ మీ రసానికి మరుగు తీసేశాడు," అన్నాడు పుల్లన్న.

దొర పడివున్న మైలన్న వంక చూశాడు, తన ఒంటి మీది చీమల వంక చూశాడు. పారేసిన పట్టెడ తెప్పించి నక్క మెడకే కట్టించి, మర్నాడు కాడికి పూన్చమన్నాడు.

మధ్యాహ్నానికల్లా నక్క నాలుక వేలాడేసింది. "పుల్లన్నా, కాస్త ఆపించవా?"

"నమిలింది మళ్లీ నమిలే రోగం మీకు లేదుగా. మీకెందుకు విశ్రాంతి?" అన్నాడు పుల్లన్న. నక్క తల దించుకుంది. అప్పుడు పుల్లన్న పొదలోంచి చూస్తున్న దొర వైపు తిరిగాడు. "దించెయ్యండి దొరా. వాడిదీ మెడే."

కాడి దించారు. ఆ పూటే నీడలో మైలన్న దవడలు మెల్లగా కదిలాయి. పుల్లన్న ఆ చప్పుడు వింటూ కళ్లు మూసుకున్నాడు.

మేత పెట్టినంత మాత్రాన ఎద్దు బతకదు, నెమరు వేయనిస్తేనే బతుకుతుంది.