తవిటయ్య పడిన చోటు

ముక్కామల పాపయారాధ్యులు గారికి గ్రీకుల పాత యుద్ధకావ్యం అంటే ప్రాణం. ఆ భాష ఆయనకు రాదు. ఇంగ్లీషు వచనంలో చదివి చదివి, పుస్తకం అట్టలు ఊడిపోయాక విడిపోయిన పేజీలను గుడ్డలో చుట్టి దాచుకున్నారు. అందులో అంత ఏముందని శిష్యులెవరైనా అడిగితే వ్యాఖ్యానం చెప్పడం ఆయనకు అలవాటు లేదు. ఏదో ఒక పేజీ తీసి వాళ్ళ చేతిలో పెట్టి తన పని తాను చూసుకునేవారు.

ఆయన దగ్గర చదువుకున్న కూర్మనాథం ఆ కావ్యాన్ని తెలుగు వచనంలో రాయడానికి పూనుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి అప్పటికి కొన్నేళ్ళే అయింది. సగం పూర్తయ్యాక కాగితాలు తెచ్చి గురువుగారికి ఇచ్చాడు. ఆయన సాంతం చదివి, "ఇందులో మనుషులు తగ్గారేం?" అని అడిగారు.

"కావాలనే తగ్గించానండీ. వీరులను ఉంచాను, దేవతల జగడాలు ఉంచాను. కాని మధ్యమధ్యలో ఎవడో ఒక అనామకుడు వస్తాడు. కవి వాడి తండ్రి పేరు చెప్తాడు, ఊరు చెప్తాడు, ఈటె ఎక్కడ దిగిందో చెప్తాడు. వాడు చచ్చిపోతాడు, మళ్ళీ కనపడడు. అంత గొప్ప కవి ఇలాంటి వాళ్ళ కోసం ఎందుకు ఆగాడో నాకు బోధపడలేదు. వీళ్ళ గురించి ఎవరు చదువుతారు, గురువుగారూ?"

ఆరాధ్యులు గారు కాగితాలు తిరిగి ఇచ్చి, "రేపు భోజనం చేసి రా. ఏరు దాటి వెళ్ళాలి. ఇవి కూడా పట్టుకురా" అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ నాగావళి ఇసక దాటి అవతలి పల్లెకు వెళ్ళారు. అక్కడ సన్యాసమ్మ అనే ఆమె ఉంది. ఏటా ఆరాధ్యులు గారి ఇంటికి చింతపండు తెచ్చి ఇచ్చే మనిషి. ఆమె ఒక్కగానొక్క కొడుకు పటాలంలో చేరి బర్మాలో చనిపోయాడని దారిలో ఆయన క్లుప్తంగా చెప్పారు.

వాళ్ళు వెళ్ళేసరికి సన్యాసమ్మ వాకిట్లో చింతపండు కుప్ప ముందు కూర్చుని పిక్కలు తీస్తోంది. వాళ్ళను చూసి లేచి అరుగు మీద చాప వేసి, మళ్ళీ పనిలో కూర్చుంది.

"ఈ అబ్బాయి ఒక యుద్ధం కథ రాశాడు. వింటావా సన్యాసమ్మా?" అని అడిగారు ఆరాధ్యులు గారు.

"సదవండి బాబుగోరూ. పనిలో ఉన్నవి సేతులే గదా, సెవులు కాళీయే."

కూర్మనాథం తనకు బాగా కుదిరిన ఘట్టం తీశాడు. ఇద్దరు మహావీరులు కోటగోడ ముందు తలపడే చోటు అది. అతని గొంతు మంచిది, చక్కగా చదివాడు. సన్యాసమ్మ మర్యాదగా తల ఊపుతూ, చేతిలో పని ఆపకుండా వింది. అయిపోయాక, "బాగుంది బాబూ. పెద్దోళ్ళ దెబ్బలాట" అంది.

అప్పుడు ఆరాధ్యులు గారు, "ఇతను వదిలేసిన వాడు ఒకడున్నాడు. వాడి సంగతి నేను చెప్తాను" అని, పుస్తకం లేకుండానే చెప్పారు. ఒక కుర్రవాడు. వాళ్ళ నాన్నకు కొండవాలున గొర్రెలున్నాయి. లేకలేక పుట్టిన కొడుకు. వద్దన్నా వినకుండా యుద్ధానికి వచ్చాడు. రథం దిగుతుంటే ఈటె కుడి రొమ్ములో దిగి వీపులోంచి బయటికి వచ్చింది. వెల్లకిలా దుమ్ములో పడ్డాడు. అంతే.

పిక్క తీస్తున్న చెయ్యి ఆగింది.

"ఆడి పేరేటి బాబూ?"

ఆయన ఆ పరాయి పేరు చెప్పారు. నోరు తిరగక ఆమె దాన్ని రెండుసార్లు పలికి చూసుకుంది.

"కుడి రొమ్మేనా?"

"కుడి రొమ్మే."

"ఇదంతా ఎవులు సూసినారు?"

"చూసినవాళ్ళు చెప్పుకున్నారు. ఆ తరవాత ఒక కవి దాన్ని పట్టుకున్నాడు."

"సూసినోలున్నారన్నమాట" అంది సన్యాసమ్మ. చేతులు కొంగుకు తుడుచుకుంది. "మావోడికి ముందు పుట్టినోలు ఒక్కలూ దక్కనేదు బాబూ. ఈడు పుట్టగానే సేటలో ఏసి పక్కింటోలికి ఇచ్చేసి, తవుడు పోసి మళ్ళీ కొనుక్కున్నాను. తవుడికి కొన్న పిల్లడిని సావు కూడా సీదరించుకుంటాదని సెప్పినారు. అందుకే తవిటయ్య అన్నాను. దక్కినాడు. పెద్దోడైనాడు. పటాలంలోకి ఎల్లిపోనాడు. తరవాత గవర్నమెంటు మనిషి ఒచ్చి, బర్మాలో పోయినాడని కాయితం సదివినాడు. ఎక్కడ తగిలింది బాబూ అనడిగితే, అలాటివి రాయరు, ఏలిముద్ర ఎయ్యి అన్నాడు."

ఆమె కూర్మనాథం వైపు తిరిగింది.

"నువ్వు రాస్తన్నావు గదా, నీకు తెలిసే ఉంటాది. ఆ గొర్రెలోల పిల్లడికి సెప్పినట్టు మావోడి ముక్క కూడా ఒకటి సెప్పు బాబూ."

కూర్మనాథం గురువుగారి వంక చూశాడు. ఆయన చింతపండు కుప్ప మీద నుంచి చూపు తిప్పలేదు. ఆమెను అలా ఎదురుగా పెట్టుకుని కాదనడం అతని వల్ల కాలేదు. అప్పటికప్పుడు కల్పించి మొదలుపెట్టాడు. తవిటయ్య, సన్యాసమ్మ కొడుకు, నాగావళి ఒడ్డున పుట్టినవాడు, తవుడుకు కొన్న బిడ్డ. బర్మా అడవిలో ఒక ఏరు దాటుతుండగా తూటా వచ్చి ఎడమ రొమ్ములో తగిలింది. ఎక్కువసేపు బాధపడలేదు. అమ్మా అని ఒక్కసారి పిలిచి పచ్చిగడ్డి మీదికి ఒరిగాడు. పక్కనున్న స్నేహితుడు అతని తల ఒళ్ళోకి తీసుకున్నాడు.

సన్యాసమ్మ ముందుకు వంగి వింది. ఆమె పెదవులు అతని మాటల వెంటే కదిలాయి. ఏళ్ళ తరబడి బిగిసి ఉన్న ముఖం కాస్త వదులైంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా, ఆత్రంగా అడిగింది.

"ఆ సినేయితుడి పేరేటి బాబూ? ఏ ఊరోడు? ఎంత దూరమైనా పరవాలేదు, ఎల్లి అడుగుతాను."

పేరు కల్పించడం కూర్మనాథానికి కష్టం కాదు. కాని ఏ పేరు చెప్పినా, ఏ ఊరు చెప్పినా, తెల్లారేసరికి ఈమె మూట కట్టుకుని ఆ ఊరికి బయల్దేరుతుందని అతనికి తెలిసిపోయింది. తల దించుకున్నాడు.

ఆమె అతన్నే చూస్తూ ఉండిపోయింది. ఆ చూపులో కోపం లేదు. ముఖం మాత్రం మెల్లగా మళ్ళీ మునుపటిలా బిగిసింది.

"నీకు తెల్దు" అంది.

కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నీ మనసు మంచిదే బాబూ. నాకు మటుకు అది పనికిరాదు. ఆ గొర్రెలోల పిల్లడు నేల మీద పడినాడు. ఆళ్ళమ్మ ఆ సోటు తలుసుకుని ఏడిసుంటాది, ఎప్పటికో ఊరుకునుంటాది. మావోడింకా పడతానే ఉన్నాడు. ఓరోజు ఎల్లకిలా, ఓరోజు బోర్లా. ఓరోజు నీళ్ళలో, ఓరోజు మంటలో. నేను కళ్ళు మూసినప్పుడల్లా ఒక్కోలాగ పడతాడు. నేల తగల్నేదు బాబూ ఆడికి."

చింతపండు కుప్ప దగ్గరికి లాక్కుని, మళ్ళీ పిక్కలు తీయడం మొదలుపెట్టింది. వాళ్ళు లేచినప్పుడు తల ఎత్తలేదు.

తిరుగు దారిలో ఇసక ఇంకా కాలుతోంది. ఏటి నడిమికి వచ్చాక కూర్మనాథం అక్కడ ఆగి, "అందరినీ మళ్ళీ పెడతాను గురువుగారూ. ఒక్కణ్ణి కూడా వదలను" అన్నాడు.

"పెట్టు" అన్నారు ఆరాధ్యులు గారు. మరి నాలుగడుగులు వేశాక, వెనక్కి తిరగకుండానే, "ఆవిడకి ఒరిగేదేమీ లేదు" అన్నారు.