పైడమ్మ పీకిన చామంతులు

కోటతోటలో షికారుకెళ్ళిన రాజుగారి పట్టుపంచెకి గడ్డిచామంతి విత్తనాలు అంటుకున్నాయి. తోటల అధికారి భుజంగం మండిపడి, ఆ మొక్కనీ దాని వంశాన్నీ ఎక్కడ కనిపించినా పీకెయ్యాలని దండోరా వేయించాడు.

మర్నాడే భటులతో పైడమ్మ మడిలో దిగాడు. ఆమె గుంటగలగరాకు పెంచి, తలనూనె కాచి అమ్ముకుని బతికేది. సగం మడి పీకించేసరికి ఆమె అడ్డం వచ్చింది.

"ఇది గడ్డిచామంతి కాదు గదా బాబూ?"

భుజంగం ఒక పువ్వు తుంచి విప్పాడు. "నీకేం తెలుసు? చూడ్డానికి ఒకటే పువ్వు. లోపల ఒకే గిన్నెలో ఇన్ని చిన్న పువ్వులున్నాయి. ఇలా ఉన్నవన్నీ ఆ వంశమే!"

"చిత్తం," అంది పైడమ్మ. కొంగు బిగించి తిన్నగా కోటతోటకి పోయి, రాణిగారి చామంతులు పీకసాగింది. భటులు ఆమెని రాజుగారి ముందుకి ఈడ్చుకెళ్ళారు.

"దండోరా ప్రకారమే చేశాను మారాజా," అని ఆమె ఒక చామంతిని విప్పి చూపించింది. గిన్నె నిండా చిన్న పువ్వులే. "బంతి, పొద్దుతిరుగుడు, తమ తలపాగాకి రంగిచ్చిన కుసుమ, అన్నీ ఇంతే. సెలవిస్తే వరసగా పీకేస్తాను."

రాజు భుజంగం వైపు తిరిగాడు. "ఆ వంశంలో ఏవి పీకాలో, ఏవి ఉండాలో నువ్వే చెప్పు."

"అన్నీ ఉండాలి మహాప్రభో," అన్నాడు భుజంగం.

ఆ సాయంత్రం అతను పంచె ఎగ్గట్టి, పీకించిన మొక్కలన్నిటినీ పైడమ్మ మడిలో తన చేత్తోనే నాటాడు. వేరు సరిగా దిగలేదని ఆమె రెండు మొక్కలు మళ్ళీ నాటించింది.