ఎగరనంటే ఎగరనన్న చిలక

అనగనగా ఒక రాజున్నాడు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులున్నారు. ముగ్గురే ఎందుకని అడగకండి, కథల్లో రాజులకి ముగ్గురే పుడతారు. మధ్యలో అడ్డుప్రశ్నలేస్తే నేను చెప్పను. ఊఁ కొడుతూ వినండి.

రాజు పేరు కనకసేనుడు. పెద్దకొడుకు సూరసేనుడికి తొందరెక్కువ. రెండోవాడు వీరసేనుడికి తెలివెక్కువ, ఆ మాట అతనే చెప్పుకునేవాడు. మూడోవాడు చంద్రసేనుడికి విసుగెక్కువ. పాలు వేడిగా ఉన్నాయని విసుగు, చల్లారిపోయాయని విసుగు. గుర్రం పరిగెడితే ఒళ్ళు నొప్పులని విసుగు, నడిస్తే పొద్దుపోతుందని విసుగు. వాళ్ళమ్మ కూడా వాడితో వేగలేకపోయేది.

ఏడు సముద్రాల అవతల పచ్చలదీవిలో ధూమకేశుడనే మాంత్రికుడు ఉండేవాడు. దీవికి ఎవరు వచ్చినా పక్షిగా మార్చేసి, రెక్కలు కత్తిరించి, తన తోటలో వదిలేవాడు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ఇది లోకమంతా ఎరిగిన సంగతే. కానీ ఆ చిలక మెడ నులిమితే మాంత్రికుడు చస్తాడుగాని, పక్షులైనవాళ్ళు జన్మంతా పక్షులుగానే ఉండిపోతారు. చిలక తన ఇష్టంతో, తన రెక్కలతో ఎగిరితేనే వాడి ప్రాణం గాల్లో కలుస్తుంది, మంత్రాలన్నీ వీడిపోతాయి. అందుకే అది ఎగరకుండా ఏళ్ళ తరబడి దాని రెక్కలు కత్తిరిస్తూనే ఉన్నాడు.

పడవలవాళ్ళు మాయమైపోతున్నారని తెలిసి పెద్దవాడు బయల్దేరాడు. తిరిగి రాలేదు. రెండోవాడు బయల్దేరాడు. అతనూ తిరిగి రాలేదు. రాజు మంచం పట్టాడు. ఇక మిగిలింది మూడోవాడే.

"వెళ్ళేవాళ్ళు వెళ్తారు, వెతకడానికి మాత్రం నేను!" అని సణుక్కుంటూ చంద్రసేనుడు సముద్రం ఒడ్డుకొచ్చాడు. అక్కడ ఒక పెద్ద తాబేలు ఎండకి వీపు కాచుకుంటోంది. అతన్ని చూసి నిట్టూర్చింది.

"మీ ఇంట్లో ఇంకా ఎంతమంది ఉన్నారు నాయనా? మీ అన్నదమ్ముల్ని మోసి మోసి నా వీపు అరిగిపోతోంది."

"నేనే ఆఖరువాణ్ణి."

"హమ్మయ్య. ఎక్కు మరి."

ఏడు సముద్రాలు దాటడమంటే మాటలా? దారంతా ఉప్పుగాలి, మొహం మీద నీళ్ళు. తాబేలు ఈదుతూ ఈదుతూ సంగతంతా చెప్పింది.

"మీ పెద్దన్న చిలకని పట్టుకుని, ఎగురు అంటూ మిద్దెమీంచి విసిరేశాడు. కత్తిరించిన రెక్కలతో అదెక్కడ ఎగురుతుంది? కిందపడి రొమ్ము చిట్లింది. ఆ నొప్పి తనకీ తగిలి మాంత్రికుడు పరిగెత్తుకొచ్చాడు, మీ అన్నని పెద్దబాతుని చేశాడు. రెండో అన్న తెలివైనవాడు కదా. కత్తిరించిన ఈకల మొదళ్ళు పీకేస్తే కొత్తవి తొందరగా వస్తాయన్నాడు. ఒకటి పీకాడో లేదో, చిలక పెట్టిన కేకకి సముద్రంలో ఉన్న నాకు గుండె జారిపోయింది. ఆయన నెమలైపోయాడు."

"మరి ఏం చెయ్యాలంటావు?"

"ఆగాలి."

"ఎంతకాలం?"

"ఈకలకి బుద్ధిపుట్టేదాకా. తొలకరికి ఆ మొదళ్ళు వాటంతటవే రాలిపోతాయి, కొత్త ఈకలొస్తాయి. వాటి మీద కత్తెర పడకుండా చూసుకోవాలి. అంతే."

చంద్రసేనుడు తల పట్టుకున్నాడు. రాక్షసుడితో యుద్ధం చెయ్యమంటే చేసేవాడు, పులి మీసం తెమ్మంటే తెచ్చేవాడు. ఆగమంటే ఎలా? అతనికి అంతకన్నా పెద్ద శిక్ష లేదు.

దీవి ఒడ్డున దిగేసరికి ఒక గోరింక ఇసకలో నడుచుకుంటూ ఎదురొచ్చింది. గోరింకన్నాక ఎగురుకుంటూ రావాలి కదా, ఇది నడుస్తోంది. రెండు అడుగులకొకసారి ఆగి ఆయాసపడుతోంది.

"రాజకుమారా, నేను రత్నగిరి రాజు కూతుర్ని, మంజులికని. పడవ దారితప్పి ఇక్కడికొచ్చి ఇలా అయ్యాను. తిన్నగా లోపలికి వెళ్ళావంటే నీకూ ఈకలు మొలుస్తాయి. మాంత్రికుడికి చూపు మందగించింది. మొన్న రక్తమున్న లేత ఈకని కోసి, చిలకతోపాటు తనూ మూర్ఛపోయాడు. రెక్కలు కత్తిరించే పనివాడి కోసం వెతుకుతున్నాడు. ఆ పనివాడిలాగే వెళ్ళు."

"నాకా పని రాదే!"

"నాకొచ్చు. ఏళ్ళ తరబడి చేయించుకుంటున్నాను కదా. విను" అని గోరింక అతనికి మూడు సంగతులు నేర్పింది.

మాంత్రికుడు సరిగ్గా ఆ మూడింటిలోనే పరీక్షలు పెట్టాడు. మొదటిది, చిలకని పట్టుకోవడం. రొమ్ము నొక్కితే పక్షికి ఊపిరాడదు, అందుకని చంద్రసేనుడు మెడ పక్కల్ని సుతారంగా పట్టుకున్నాడు, రొమ్ముని వదిలేశాడు. రెండోది, పండిన ఈకకీ లేత ఈకకీ తేడా చెప్పడం. లేత ఈక కాడలో రక్తం నల్లగా కనపడుతుంది, దాన్ని ముట్టుకోకూడదు. అదీ చెప్పాడు. మూడోది, పెద్దబాతు రెక్క కత్తిరించడం. ఆ పెద్దబాతు ఎవరో కాదు, సూరసేనుడే. తమ్ముడు కత్తెర పట్టుకుని రావడం చూసి బుసకొట్టి, చెయ్యి కసిదీరా కొరికాడు. చంద్రసేనుడు పళ్ళు బిగబట్టుకుని పని కానిచ్చాడు.

"భేష్! చివరి రెండు ఈకలూ మాత్రం ఎప్పుడూ ముట్టుకోకు" అన్నాడు మాంత్రికుడు. "రెక్క ముడిచినప్పుడు నిండుగా కనపడాలి. నా పక్షులు బోసిగా ఉంటే నేను చూడలేనురా."

ఆ సాయంత్రం గోరింక చంద్రసేనుడి చెవిలో చెప్పింది. "విన్నావా? అందం కోసం పైకి కనపడే రెండూ ఉంచుతాడు. రెక్క ముడిస్తే, లోపలివి కత్తిరించామో లేదో వాడికే తెలీదు."

చంద్రసేనుడికి మొదటిసారి కాస్త ఆశ పుట్టింది. అలా పనిలో కుదిరాడు. తొలకరి పడింది. చిలక రెక్కలోంచి పాత మొదలొకటి రాలింది, మరికొన్నాళ్ళకి ఇంకొకటి. కొత్త ఈకలు తెల్లని పొరలు చుట్టుకుని బియ్యపు గింజల్లా తొంగిచూశాయి. చంద్రసేనుడు తెల్లవారగానే వెళ్ళి చూసేవాడు. నిన్న ఎంతుందో ఇవాళా అంతే. "ఈ పాటికి మర్రి విత్తు నాటినా మానయ్యేది!" అని గొణిగేవాడు. అమావాస్య అమావాస్యకీ అడవి చిలకలు జామచెట్ల కింద రాల్చుకున్న ఈకల్ని ఏరి, ముక్కలు కోసి, "ఇవిగో దొరా, ఇవాళ్టి కత్తిరింపులు" అని మాంత్రికుడికి ఇచ్చేవాడు. వాడు వాటిని కంటికి ఆనించుకుని చూసి, "మంచిది, మంచిది" అని తృప్తిపడేవాడు. చిలక బుద్ధిగా రెక్కలు ముడుచుకు కూర్చునేది.

వానలు వెనకబట్టేసరికి చిలక రెక్కలు నిండుగా పెరిగాయి. సరిగ్గా అప్పుడే మాంత్రికుడికి కొత్త బుద్ధి పుట్టింది.

"ఏటేటా ఈ కత్తిరింపులతో ఎవడు పడతాడురా? విజయదశమినాడు బాతుకీ నెమలికీ గోరింకకీ రెక్క చివర కణుపు దగ్గరికి కోసిపారేద్దాం. మళ్ళీ జన్మలో ఈక మొలవదు. తోటలో సగం పక్షులు అలా చేసినవే, హాయిగా ఉన్నాయి. చిలక జోలికి మాత్రం పోను. దాని ఒంట్లో కత్తి దిగితే నా ఒంట్లో దిగినట్టే."

వాడు అటు వెళ్ళగానే గోరింక చంద్రసేనుడి దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "కణుపు పోయిందంటే, మేము మళ్ళీ మనుషులమైనా చేతులుండవు" అంది.

చంద్రసేనుడు పరుగున చిలక దగ్గరికెళ్ళాడు. కిటికీ తలుపు బార్లా తెరిచాడు. "రెక్కలొచ్చాయి, గాలుంది, ఆకాశముంది. ఎగురు!"

"నేనెగరను" అంది చిలక.

"ఏమన్నావు?"

"ఎగరనంటే ఎగరను. మీ అన్న విసిరేస్తే పడ్డాను చూడు, ఆ మచ్చ ఇంకా ఉంది. నాకు ఎగరడం రాదు. గుడ్డులోంచి వచ్చి రెక్కలు ఆడించకముందే వీడు కత్తెర పెట్టాడు."

చంద్రసేనుడికి ఏడవాలో నవ్వాలో తెలీలేదు. ఏడు సముద్రాలు దాటి, బాతు చేత కరిపించుకుని, అమావాస్యలన్నీ ఓపికపట్టి, చివరికి వచ్చేసరికి ఇది! బతిమాలాడు. జామకాయ ఆశ చూపించాడు. కోప్పడ్డాడు. చిలక కదల్లేదు. గోరింక చెప్పినట్టు చేతిమీంచి భుజం మీదికి గెంతడం నేర్పాడు, భుజం మీంచి గోడకున్న కొయ్యమీదికి గెంతడం నేర్పాడు. రెక్కలు ఆడించి ఆడించి దాని రొమ్ము కాస్త గట్టిపడింది. కానీ కిటికీ దగ్గరికి రాగానే కళ్ళు మూసుకునేది.

రేపు విజయదశమి అనగా చంద్రసేనుడి ఓపిక తెగిపోయింది. చిలకని చేత్తో పట్టి, కిటికీలోంచి చెయ్యి చాపి, విసరబోయాడు. చిలక గోళ్ళతో అతని వేలు గట్టిగా పట్టుకుంది. దాని గుండె అతని అరచేతిలో దడదడా కొట్టుకుంటోంది. చంద్రసేనుడు చెయ్యి వెనక్కి తీసుకుని నేలమీద కూలబడ్డాడు.

"పోనీ, ఎగరకు" అన్నాడు. "నువ్వు ఎగరకపోతే మావాళ్ళ చేతులు పోతాయి. నిన్ను తోస్తే నాకూ ఆ మాంత్రికుడికీ తేడా లేదు. వాడు ఎగరొద్దని కత్తిరించాడు, నేను ఎగరమని విసరబోయాను. నువ్వేమనుకుంటున్నావని ఇద్దరం అడగలేదు."

చిలక అతని భుజమెక్కి కూర్చుంది, అంతే.

తెల్లవారింది. మాంత్రికుడు కత్తి సానబెట్టుకుని తోటలోకొచ్చాడు. చంద్రసేనుడు అడ్డుపడితే మంత్రం వేసి కాళ్ళు నేలకి అతికించేశాడు. పెద్దబాతుని ఒళ్ళో అదిమిపట్టి రెక్క లాగాడు. సూరసేనుడు గొంతు చించుకుని అరిచాడు.

"ఆగు" అంది చిలక, చంద్రసేనుడి భుజం మీంచి. "నాకొక మాట చెప్పు. నన్నెందుకు ఎగరనివ్వలేదు?"

మాంత్రికుడు ఆశ్చర్యపోయాడు. చిలక వాణ్ణి ఎన్నడూ ఏమీ అడగలేదు. "నీ మంచికే తల్లీ! బయట గద్దలుంటాయి, వానలుంటాయి, ఆకలుంటుంది. ఇక్కడ నీకేం తక్కువ చేశాను? రోజూ నా చేత్తో జామపండు తినిపించలేదూ?"

"తినిపించావు. కాదనను. నువ్వు పండు పెడుతుంటే నేనెప్పుడూ నీ రెండో చేతివంకే చూస్తుండేదాన్ని, కత్తెరుందేమోనని."

"గద్దలుంటాయే పిచ్చిదానా!" అన్నాడు మాంత్రికుడు. చిలకవైపు చెయ్యి చాపాడు. అది వాడి ప్రాణభయమో, దాని మీద ప్రేమో, వాడికే తెలిసుండదు.

"ఉంటే ఉంటాయి" అంది చిలక.

భుజం మీంచి గెంతింది. కిందికి జారింది. గోరింక కళ్ళు మూసుకుంది. నేలకి జానెడెత్తున రెక్కలు రెండూ విచ్చుకున్నాయి. ఒక పక్కకి ఒరిగింది, చెట్టుకి గుద్దుకోబోయింది, తప్పించుకుంది, లేచింది. జామచెట్టు దాటింది, మిద్దె దాటింది. మాంత్రికుడు తలెత్తి దాన్నే చూస్తూ చూస్తూ కుప్పకూలిపోయాడు.

మంత్రాలు వీడాయి. బాతు సూరసేనుడైంది, నెమలి వీరసేనుడైంది, గోరింక మంజులిక అయ్యింది. తోటలో ఇంకెందరో లేచి నిలబడ్డారు. అంతకుముందే కణుపులు కోయించుకున్నవాళ్ళకి మాత్రం మనుషుల రూపమొచ్చింది గాని చేతులు సగమే వచ్చాయి. పుట్టుకతోనే పక్షులైనవి కొన్ని మిగిలాయి, కణుపులు పోయిన వాటికిక ఎగిరే యోగం లేదు. కథన్నాక అన్నీ బాగుపడాలని మీకుంటుంది, నాకూ ఉంటుంది. ఏం చెయ్యను, కోసిన కణుపు అతుక్కోదు. చంద్రసేనుడు వాళ్ళందరినీ తాబేలు చేత మోయించుకొచ్చాడు. మనుషులకి కొలువులో చోటిచ్చాడు, పక్షులకి నడిచి ఎక్కగలిగే కొమ్మలూ లోతులేని కొలనూ కట్టించాడు. పెంపుడుపక్షి రెక్కకి కత్తెర పెట్టేముందు, ఇంకో దారి లేదా అని పదిసార్లు ఆలోచించమని ఊరూరా దండోరా వేయించాడు.

కొడుకుల్ని చూసి కనకసేనుడు మంచం దిగాడు. మంజులికకీ చంద్రసేనుడికీ అంగరంగ వైభవంగా పెళ్ళి చేశాడు. పెళ్ళిపీటల మీద కూర్చుని పెళ్ళికొడుకు మాటిమాటికీ ఆకాశంవంక చూశాడు. తాళి కట్టాడు, తలంబ్రాలయ్యాయి, అయినా చిలక జాడలేదు.

"చూశావా, దానికోసం అంత చేశాను! కనీసం పెళ్ళికైనా రాలేదు" అని విసుక్కున్నాడు.

మంజులిక తలంబ్రాలు దులుపుకుంటూ అంది. "రాకుండా ఉండగలగాలనే కదా, అన్నాళ్ళు అంత కష్టపడ్డావు?"

చంద్రసేనుడు ఆమెవంక చూశాడు. తర్వాత పకపకా నవ్వాడు. ఆ నవ్వుకి తల్లి కళ్ళు తుడుచుకుంది. ఆ ఇద్దరూ చాలాకాలం చల్లగా రాజ్యమేలారు. చిలక ఏ అడవిలో ఏ కాయ కొరుకుతోందో ఎవరికీ తెలీదు. కథ దాని దారిన అది వెళ్ళింది, మీరిక మీ పక్కలెక్కండి.