జోరు ఉన్నా గాలి చాలని కొలిమి

కోట గుమ్మంలో కూలిపడ్డ ఇనుప దూలాన్ని పొద్దు వాలేలోగా అక్కడే కాల్చి తెగ్గొట్టమని రాజు కమ్మరి ఓబులమ్మను ఆజ్ఞాపించాడు. కొలిమికి గాలి ఊదేందుకు సేనాపతి అయిన దళవాయి తెప్పించిన కొత్త తిత్తి పెద్దదే కానీ, దాని గొట్టం మరీ సన్నం. ఎంత ఊదినా ఇనుము ఎర్రబడిందే తప్ప మెత్తబడలేదు.

"తిత్తిలో లోపం లేదు ప్రభూ! గొట్టం మూతిని వేలితో మూస్తే వేలే ఎగిరిపోతోంది, అంత జోరు. ఈ ఓబులమ్మే శత్రువులకు అమ్ముడుపోయి కావాలనే పని చెడగొట్టింది," అన్నాడు దళవాయి.

రాజు ఆమె తల తీయమన్నాడు. తలారి కత్తి నూరే చప్పుడుకు ఓబులమ్మ నాలుక పిడచగట్టుకుపోయింది.

"నా దాహం తీరాక చంపండి దొరా," అంది.

రాజు సరేనన్నాడు. ఆమె నీళ్లు నిండిన తోలుసంచికి సూదితో బెజ్జం పొడిచి, దళవాయినే గట్టిగా నొక్కమంది. సన్నటి ధార సర్రున వచ్చి ముఖాన కొట్టింది. ఆమె నోరు తెరుచుకుని నిలబడింది. ఎంతసేపైనా పుక్కిలి నిండలేదు. కత్తి మాత్రం మెడ పక్కనే మెరుస్తోంది.

"ఇంకెంతసేపే?" అని విసుక్కున్నాడు రాజు.

"ధార జోరుగానే ఉంది దొరా, గుక్కెడు నీళ్లే రావడం లేదు. నా కొలిమి దాహమూ ఇలాంటిదే," అంది.

రాజు తలారిని కత్తి దించమని, దళవాయి వైపు చూశాడు. తిత్తికి వెడల్పు గొట్టం బిగించమన్నాడు, తిత్తిని తొక్కే పని దళవాయికే అప్పగించాడు. పొద్దు వాలకముందే దూలం ఫెళ్లున తెగింది.

ఆ చప్పుడుకు ఓబులమ్మ ఉలిక్కిపడి మెడ తడుముకుంది.